బుర్ర, గుమ్మెట, అందె: షేక్ నాజరుగారి జీవితము

వాద్యములలో కొన్ని ధనవంతుల లోగిళ్ళలో పెరిగినవి. మరికొన్ని బీదల పంచలలో పెరిగినవి. వీణకు మంచి పనసకొయ్య కావలెను, చేయి తిరిగిన పనివాడు కావలెను, దానిని ఒడిలో నుంచుకొని తీరికగా కూర్చుండుటకు చోటు కావలెను. బుర్రకు ఒక ఎండిన ఆనపకాయ చాలును. గుమ్మెటకు కుమ్మరివాని మట్టియు, జానెడు తోలును చాలును. అందెకు కంచరివాని యొద్ద మిగిలిపోయిన ఇత్తడి ముక్క చాలును. ఈ మూడు బీద వాద్యముల తోడుతో వేలకొలది జనులను అర్ధరాత్రి దాటువరకు కదలనీయక కూర్చుండబెట్టిన ఒక కళాకారుని జీవితమును మన పాఠశాల బాలబాలికలకును, వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి. ఆయన పేరు షేక్ నాజరు.

కథలోనికి పోవుటకు ముందు కొంచెము దూరదేశమునకు పోయి వత్తము. మన పురసవాక్కమున తెలుగువారును తమిళులునే కాక, ఉత్తరదేశమునుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు కూడ పెక్కు కలవు. వారి పెండ్లి ఊరేగింపులు హైరోడ్డు మీదుగా పోవునపుడు, మెడలో పెద్ద ఢోలు వ్రేలాడదీసికొని రెండు పుల్లలతో వాయించువానిని మన పిల్లలు చూచియే యుందురు. ఒక పుల్ల లావుగాను, కొన వంగియు నుండును. రెండవది సన్నని బెత్తము. అది పంజాబు వాద్యము. ఆ దేశమున ఢోలు ఒక్కటియే కాదు. ఒకే తీగె గల తుంబి కలదు; జంట పిల్లనగ్రోవులను ఒకే నోట నూదు అల్గోజా కలదు; పొయ్యి దగ్గరి పటకారు వలె నుండి, రెండు బద్దలకును చిన్న బిళ్ళలు తగిలించిన చిమ్టా కలదు. వీటిలో మాకు మిక్కిలి ముచ్చట గొలుపునది ఢడ్డు అను చిన్న వాద్యము. మన బుడబుక్కలవాని డమరువును తలపించునట్లు నడుమ సన్నగా నుండును. దానిని ఒక చేత నిముడ్చుకొని, రెండవ చేతి వ్రేళ్ళతో వాయించుచు, ప్రక్కన సారంగి పలుకుచుండగా, నిలువబడి వీరుల కథలను పాడువారిని ఢాడీలందురు. పదునేడవ శతాబ్దమున, సిక్కుల ఆరవ గురువైన హరగోవిందుల కాలమున, నత్థా, అబ్దుల్లా అను ఇరువురు ఢాడీలు అమృతసరమున గురువుగారి సన్నిధిని వీరగాథలు పాడిరని ప్రసిద్ధి. అబ్దుల్లా ముస్లిము, వినువారు సిక్కులు. కథ బాగున్నదా, కంఠము బాగున్నదా యని చూచిరే గాని, పాడువాడు ఏ మతమువాడని వారు చూడలేదు.

ఇట్టి కథయే మన తెలుగుదేశమున కూడ నడచినది. ఇక్కడ ఢడ్డునకు బదులు గుమ్మెట, సారంగికి బదులు తంబుర. పాడినవాడు మాత్రము ఇక్కడను ఒక పేద ముస్లిమే.

నాజరుగారు 1920వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున ఒక పేద దూదేకుల కుటుంబమునందు జన్మించిరి. దూదేకులవారినే పింజారులనియు నందురు. ప్రత్తిని ఏకి దూది చేయుట వారి కులవృత్తి. దూదేకు వింటిని చూచినవారు నేడు మన నగరమున అరుదు గనుక దానినిగూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. అది ఇంచుమించు ఆరడుగుల కొయ్య; కొననుండి కొనకు గట్టి నరము బిగించియుందురు. వింటిని ప్రత్తి కుప్పపై వ్రేలాడదీసి, నరమును గుండ్రని కొయ్యతో మీటుదురు. మీటినపుడెల్ల ప్రత్తి పింజపింజలై గాలిలోనికి లేచును. నరము ఒక గంభీరమైన నాదము చేయును. పింజారి వీధిలోనికి వచ్చినాడని ఇల్లాండ్రకు తెలియుట ఆ నాదముతోనే. పింజారి యనగా పగలెల్ల ఒంటితీగె వాద్యమును వాయించుచు బ్రదుకువాడే యని మేమందుము. అట్టి యింట పుట్టిన బిడ్డకు శ్రుతి యనగా నేమో వేరుగా చెప్పవలసిన పని లేదు గదా!

ఈ దూదేకులవారి స్థితియందు మన పాఠశాల కుటుంబములు గమనింపదగిన విశేష మొకటి కలదు. వారు మతమున ముస్లిములు; ఇంటిలో మాటలాడునది తెలుగు. ఉర్దూ మాటలాడు ముస్లిములు వారిని తమవారిగా పూర్తిగా నెంచలేదు. ఊరిలోని తక్కిన తెలుగువారు వారిని తురకలనిరి. అటు ఇటు గాని ఆ బ్రదుకులో వారికి సొంతమైనది తెలుగు మాట ఒక్కటియే. పరభాష నడుమ ఇంటిభాషను నిలుపుకొనుట యెట్టిదో మనకు తెలిసినదే. తన మతమువారి నడుమనే ఇంటిభాషచేత వేరుపడుట యెట్టిదో నాజరు పసితనముననే యెరిగెను.

బాలుడైన నాజరునకు బడి చదువు ఎంతయో సాగలేదు. పేదరికము సాగనీయలేదు. కంఠము మాత్రము ఊరివారికి తెలిసినది. అది పద్యనాటకములు తెలుగు పల్లెలను ఏలుచున్న కాలము. హార్మోనియము ఒకటి, పెట్రోమాక్సు దీపములు రెండు, రంగు తెర ఒకటి యుండిన చాలును; ఊరెల్ల తెల్లవారువరకు మేలుకొనియుండెడిది. నాజరు చిన్నతనముననే ఆ నాటకములలో చేరెను. మీసము మొలవని బాలుడు, మంచి గొంతు గలవాడు. కనుక స్త్రీపాత్రలు కూడ వచ్చెను. పిమ్మట పెద్ద పాత్రలును ధరించెను. నాటకములలో నుండుచునే కర్ణాటక సంగీతమును గురుముఖమున క్రమముగా నభ్యసించెను. ఈ సంగతిని మన పిల్లలు గుర్తుంచుకొనవలెను. జానపద కళాకారుడనగా చదువు సంధ్యలు లేక, నోటికి వచ్చినది పాడువాడని కొందరి తలంపు. నాజరు విషయమున అది ఎంతమాత్రమును నిజము కాదు. స్వరము, తాళము, రాగము తెలిసిన తరువాతనే ఆయన బుర్రను భుజమున వేసికొనెను.

ఇపుడు బుర్రకథ యనగా నేమో చెప్పవలెను. మన పట్టణపు పిల్లలలో దానిని కన్నులార చూచినవారు మిక్కిలి తక్కువ.

బుర్రకథను నాజరుగారు కనిపెట్టలేదు. ఆయనను బుర్రకథా పితామహుడని పిలుచుటచేత కొందరట్లు అనుకొనుట కలదు. అది పాత కళ. జంగములు శివకథలను, వీరకథలను చెప్పుచు ఊరూర తిరిగి ధాన్యము యాచించెడివారు. దానినే జంగము కథయనియు, తందాన కథయనియు అనెడివారు. ముఖ్య కథకుడు నడుమ నిలుచును. ఆతని భుజముమీద తంబుర. ఆ తంబుర అడుగున నుండు గుండ్రని డొల్ల ఎండిన ఆనపకాయతోనో, తొలిచిన కొయ్యతోనో చేయబడును. మనిషి తలను పోలియుండుటచే దానికి బుర్ర యని పేరు వచ్చెననియు, దానివలన కథకు బుర్రకథ యని పేరు కలిగెననియు చెప్పుదురు. కథకుని వ్రేళ్ళయందు అందెలుండును. అవి డొల్లగా చేసిన ఇత్తడి కడియములు. లోపల చిన్న గుండ్లుండును. ఒకదానితో నొకటి తాకించినపుడు ఘల్లుమని తాళము పడును. కాలికి గజ్జెలు. అనగా ఒకే మనిషి శ్రుతి, తాళము, లయ మూడింటిని తన ఒంటిమీదనే మోయుచు, నోట కథ చెప్పును.

ఆతనికి రెండు ప్రక్కల ఇద్దరు వంతలుందురు. వారి చేతులలో గుమ్మెటలుండును. ఈ వాద్యమునకు ప్రాంతమునుబట్టి డక్కి యనియు, బుడిగె యనియు పేర్లు కలవు. కాల్చిన మట్టితో చేసి తోలు బిగింతురు; ఇత్తడితో చేసినవియు కలవు. చెమ్మ తగిలినచో తోలు వదులై నాదము చచ్చిపోవును. అందుచేత కథకు ముందు గుమ్మెటను నిప్పు సెగకు చూపి, వ్రేలితో తట్టి, మరల చూపి, మరల తట్టి సరిచేసికొందురు. వంతలలో ఒకడు హాస్యము చెప్పును. రెండవవాడు లోకవార్తలను, రాజకీయములను చెప్పును. ఈ యేర్పాటులోని తెలివిని మేము మిక్కిలి మెచ్చుకొందుము. వినువాని మనసులో ఒక సందేహము పుట్టును. దానిని హాస్యగాడు తానే తెలివితక్కువవాని వలె అడిగివేయును. కథ పాతదియైనను రెండవవంత దానిని నేటి బజారు ధరలకును, నేటి పన్నులకును ముడిపెట్టును. కథకుడు పాడిన ప్రతి చరణమునకును వారు వంతపాడుచు, మాటమాటకు ఊకొట్టుచు, తందాన యనుచు, ఆతనికి ఊపిరి పీల్చుకొను వ్యవధి నిత్తురు.

1940 ప్రాంతమునకు ఈ కళ క్షీణదశలో నుండెను. చదువుకొన్నవారు దానిని బిచ్చగాండ్ర పాట యని త్రోసిపుచ్చిరి. సినిమా వచ్చెను, నాటకములకే జనము తగ్గిరి, తంబుర మోయువానిని పలుకరించువాడెవడు?

అట్టి సమయమున 1943వ సంవత్సరము వచ్చెను. ఆ యేడు వంగదేశమున ఘోరమైన కరువు సంభవించి, 30 లక్షల వరకు జనులు మరణించిరని అంచనా. అదే సంవత్సరమున బొంబాయిలో భారత ప్రజా నాటక సంఘము ఏర్పడెను. తెలుగుదేశమున డాక్టరు గరికపాటి రాజారావుగారు మొదలగువారి నాయకత్వమున ప్రజానాట్యమండలి నెలకొనెను. కమ్యూనిస్టు పక్షమువారు దీనికి అండగా నుండిరి. వారి యాలోచన సులభమైనది: చదువురాని పల్లె జనులకు పత్రికలచేత చెప్పలేని సంగతిని వారికి తెలిసిన ఆటతో, వారికి తెలిసిన పాటతో చెప్పవలెను. వీధి భాగోతమును, కోలాటమును, హరికథను, బుర్రకథను వారు చేపట్టిరి. సుంకర సత్యనారాయణగారు కష్టజీవి మొదలగు క్రొత్త కథలను వ్రాసిరి. నాజరుగారు ఈ దళములలో చేరి తంబుర చేతబట్టిరి. వంగదేశపు కరువును బుర్రకథగా చెప్పి, ఎన్నడును చూడని దూరదేశపు బిడ్డల ఆకలికి గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులచేత కన్నీరు పెట్టించిరి. కన్నీరేకాక చందాలును వచ్చెను.

రాజకీయములలో ఎవరి యభిప్రాయము వారిది. ఆ చర్చ మన పత్రికకు తగినది కాదు. కాని బిచ్చపు జోలెతో తిరిగిన ఒక కళ, పదివేల మంది కూర్చున్న మైదానములో తలయెత్తి నిలిచినది ఆ దినములలోనే యని ఒప్పుకొనక తప్పదు.

నాజరుగారి కథలలో మిక్కిలి పేరు పొందినవి పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు. బొబ్బిలి కోట 1757లో పడినది; సీతారామరాజు 1924లో బలియైనాడు. ఈ రెండును ఫిరంగులు, తుపాకులు గల కథలు. పల్నాటి కథ మాత్రము పండ్రెండవ శతాబ్దపుది, కత్తులును కోళ్ళును గల కథ. నాజరుగారి ప్రతిభ యంతయు అందులోనే కనబడునని ఆయనను విన్న వృద్ధులు మాతో చెప్పిరి. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న కాలమునకు నాజరుగారు లేరు; కాని ఆయన కథ జరిగిన రాత్రులను లెక్కబెట్టి చెప్పగల వృద్ధులు గుంటూరు ప్రాంతపు పల్లెలలో ఇంకను ఉండిరి. ఏ యింటి ముంగిట వేదిక వేసిరో, ఎవరి యెడ్లబండి మీద దళము వచ్చెనో వారికి గుర్తుండెను. కథ ఏ తెల్లవారుజామున ముగిసెనో, ఇంటికి పోవుచు దారిలో ఎవరేమనుకొనిరో కూడ చెప్పుచుండిరి.

గురజాల, మాచర్ల అను రెండు దాయాది రాజ్యములు. ఒకవైపు నాయకురాలు నాగమ్మ, మరియొకవైపు బ్రహ్మనాయుడు. కోడిపందెములో పుట్టిన పగ కారెంపూడి రణరంగమున ముగిసెను. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టించెను. మాల కులమున పుట్టిన కన్నమదాసును కొడుకు వలె పెంచి సేనానిని చేసెను. ఈ కథను పల్నాటిలో వీరవిద్యవంతులు తరతరములుగా పాడుచుండిరి. శ్రీనాథుడు కావ్యముగా వ్రాసెను. వారు వీరుల పౌరుషమును పాడిరి. నాజరుగారు ఆ పౌరుషము తోడనే చాపకూటిని ముందునకు తెచ్చిరి. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండి తినవలెనను తగవు పండ్రెండవ శతాబ్దముతో తీరలేదు గదా! తన గ్రామమున ఏ చాపమీదను తనకు పూర్తిగా చోటు లేని దూదేకుల బిడ్డడు ఆ ఘట్టమును పాడునపుడు వినువారికి అది పాత కథగా తోచలేదు.

ఆయన కథ చెప్పు తీరు క్రొత్తది. పాత జంగము కథకులు ఒకే ధోరణిలో పాడుచు పోయెడివారు. నాజరుగారికి నాటకరంగము తెలియును. కనుక నాగమ్మ మాట వచ్చినపుడు నాగమ్మ గొంతు, బాలచంద్రుని మాట వచ్చినపుడు పదునారేండ్ల పడుచువాని గొంతు, తల్లి మాట వచ్చినపుడు తల్లి గొంతు వచ్చును. కనుబొమ్మ కదలును, కాలు మారును, చేతిలోని తంబురయే ఒకచోట కత్తి యగును, ఒకచోట పసిబిడ్డ యగును. సంగీతము తెలియును గనుక శోకమునకు తగిన రాగము, రౌద్రమునకు తగిన రాగము వేరువేరుగా వచ్చును. యుద్ధఘట్టమున అడుగులు ముందునకును వెనుకకును పడుచుండగా, గజ్జెలును అందెలును ఒకటై, రెండు గుమ్మెటలు వేగము రెట్టింపు చేయును. జనము ఊపిరి బిగబట్టును. సరిగా అపుడే హాస్యగాడు అడ్డుపడి ఏదో యొక పిచ్చి ప్రశ్న వేయును. జనమెల్ల ఒక్కసారి నవ్వును. ఆ నవ్వు ఆరకముందే కథకుడు బాలచంద్రుని చావును మొదలుపెట్టును. నవ్వుచున్నవానిని ఏడిపించుట కంటె కష్టమైన పని కళలలో మరియొకటి లేదని మా యభిప్రాయము.

ఇంత బలముగల దానిని ప్రభుత్వములు ఊరక చూచుచుండవు. అప్పుడు తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివి. ఆజ్ఞలన్నియు ఇదే నగరమునుండి, సముద్రపుటొడ్డునగల జార్జికోటనుండి వెడలుచుండెను. 1940 దశాబ్దపు చివరి యేండ్లలో, తెలంగాణమున సాయుధపోరాటము సాగుచున్న దినములలో, కమ్యూనిస్టులపై నిర్బంధము హెచ్చెను. ప్రజానాట్యమండలి ప్రదర్శనలపై నిషేధములు విధింపబడెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు వ్రాసిన మా భూమి నాటకమును, వారి బుర్రకథలను ఆడగూడదనిరి. దళములు చెదరిపోయెను. ఆనపకాయ డొల్లయు, మట్టిపాత్రయు పోలీసువారు వెదకి పట్టుకొనవలసిన వస్తువులైనవి! కథ చెప్పి బ్రదుకువానికి కథ చెప్పగూడదన్న దినమున పొయ్యి వెలుగదు. నాజరుగారు పేదరికమును ఎరుగనివారు కారు. కాని పేరు వచ్చిన తరువాత వచ్చు పేదరికము మొదటిదానికంటె కటువైనది.

నిర్బంధము సడలిన పిమ్మట సినిమావారు ఆయనను పిలిచిరి. తెలుగు చలనచిత్రములకు మన మద్రాసే రాజధానిగా నుండిన కాలమది. 1953లో డాక్టరు రాజారావుగారు పుట్టిల్లు అను చిత్రమును తీసిరి. జమునగారును, అల్లు రామలింగయ్యగారును తెరకు పరిచయమైనది ఆ చిత్రముతోనే. అందులో నాజరుగారి బుర్రకథ కలదు. చిత్రము సొమ్ము చేయలేదు. మరుసటి యేడు, 1954లో, కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియోవారు శ్రీరాములునాయుడుగారి దర్శకత్వమున అగ్గిరాముడు తీసిరి. రామారావుగారును భానుమతిగారును నటించిన ఆ చిత్రమున నాజరుగారి దళము అల్లూరి సీతారామరాజు కథను చెప్పెను. చిత్రము విజయము పొందెను. బుర్రకథను ఎన్నడును చూడని పట్టణవాసులు కూడ ఆ దృశ్యమును చూచి ఈలలు వేసిరి. మన పిల్లల తలిదండ్రులు నేడు చేతి ఫోనులో వెదకినను ఆ కొన్ని నిమిషముల దృశ్యము దొరకును. చూడునపుడు కథకుని ముఖమునే చూడక, ఇరుప్రక్కల నున్న గుమ్మెటల వ్రేళ్ళను కూడ చూడుడని మా మనవి.

సినిమా ఆయనను ధనవంతుని చేయలేదు. నాజరుగారు పల్లెలకే తిరిగిపోయిరి. పిమ్మటి దశాబ్దములలో ఒక వింత జరిగెను. ఏ కళను ఒకనాడు నిషేధించిరో, ఆ కళనే ప్రభుత్వములు తమ ప్రచారమునకు పిలిచెను. పంచవర్ష ప్రణాళికలు, పొదుపు, కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, అన్నియు బుర్రకథలైనవి. వాటివలన కొన్ని దళములకు కూడు దొరికిన మాట నిజము. కాని ఎరువుల సంచినిగూర్చి చెప్పు కథలో బాలచంద్రుడెక్కడ నుండి వచ్చును? అట్టి కథలు వందలకొలది పుట్టి, సభ ముగియగనే చచ్చినవి. పల్నాటి యుద్ధమునకు ఆ గతి పట్టలేదు.

1986లో భారతప్రభుత్వము నాజరుగారిని పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరములు.

ఆయన ఆత్మకథ మరియొకరు వ్రాసికొనగా వెలువడెను. దాని పేరు పింజారి. ఈ పేరునుగూర్చి మన పిల్లలకు వివరింపక తప్పదు. తెలుగులో పింజారి యను మాటను తిట్టుగా వాడుట కలదు. తుచ్ఛుడని, పనికిమాలినవాడని దాని యర్థముగా చేసిరి. ఎండలో తిరిగి, మన పరుపులలోని దూదిని ఏకి, మనకు మెత్తని నిద్ర నిచ్చిన పనివాని పేరును తిట్టుగా మార్చిన పాపము భాషది కాదు, మాటలాడినవారిది. నాజరుగారు ఆ మాటను బాల్యమునుండి వినియుందురు. పద్మశ్రీ యని గాని, పితామహుడని గాని తన పుస్తకమునకు పేరు పెట్టుకొనవచ్చును. పింజారి యని పెట్టుకొనిరి. ఆ పుస్తకమును చదివినవాడు మరల ఆ మాటను తిట్టుగా నోట పలుకజాలడు. మన తరగతులలో ఈ మాట అప్పుడప్పుడు వినబడుచునే యున్నది గనుక ఇంత వ్రాసితిమి.

సందర్భమున మరియొకరిని తలచుకొందము. నాజరుగారికి నాలుగేండ్లు చిన్నవారైన షేక్ చినమౌలానాగారు 1924లో ప్రకాశము జిల్లా కరవదిలో జన్మించిరి. వారును తెలుగు ముస్లిములే. నాదస్వరమున తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగమున స్థిరపడి, తమిళనాట మహావిద్వాంసుడని పేరొంది, 1999లో మరణించిరి. ఆయన కావేరి ఒడ్డుకు వచ్చినను ఏ చిక్కును కలుగలేదు. నాదస్వరమునకు భాష లేదు. తోడి రాగము తెలుగువానికిని తమిళునికిని ఒకటియే. నాజరుగారి వాద్యముల సంగతి వేరు. గుమ్మెట మాటకు వంతపాడు వాద్యము. మాట తెలియనివానికి అది వట్టి చప్పుడు. పంజాబు ఢడ్డు కూడ అంతియే. పంజాబీ రాని మనకు దాని లయ వినబడును గాని, ఏ వీరుడు ఏ కోటగోడపై నిలిచి యేమనెనో తెలియదు. తంబురను ఎగుమూరు మ్యూజియమున గాజు పెట్టెలో భద్రపరుపవచ్చును. హాస్యగాని ప్రశ్నను అట్లు భద్రపరుపలేము. దానికి తెలుగు తెలిసి నవ్వువాడు ఎదుట కూర్చుండవలెను.

నాజరుగారు 1997వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, 77 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి. ఆయన నడిపిన మార్గమున బుర్రకథ చెప్పు దళములు ఆంధ్రదేశమున నేటికిని కొన్ని కలవు. వారిలో స్త్రీల దళములును కలవు.

ఈ యేటి మన పాఠశాల వార్షికోత్సవమున పల్నాటి కథలోని చాపకూటి ఘట్టమును బుర్రకథగా చెప్పింపవలెనని తలచితిమి. తంబురకు తగిన పెద్ద ఆనపకాయ మార్కెట్టున దొరకలేదు. అక్కడ అమ్మునవి లేతకాయలు, ఎండబెట్టిన ముడుచుకొనిపోవును. అందుచేత కొయ్యతో చేయించుచున్నాము. గుమ్మెటలు రెండును గుంటూరునుండి వచ్చినవి. ఒకటి దారిలో బీటవారినది, మరియొకటి బాగున్నది. కథకునిగా తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె ఒప్పుకొన్నది, రాజకీయము చెప్పుటకు ఒక బాలుడు దొరికినాడు. హాస్యగాని పాత్రకే ఇంకను ఎవరును ముందుకు రాలేదు. దానికి ధారాళముగా తెలుగు మాటలాడవలెను, ఎదుటివారు నవ్వినను తాను నవ్వరాదు. ఏ తరగతివారైనను సరే. పేరు ఇయ్యదలచినవారు సాయంకాలము బడి విడిచిన తరువాత తెలుగు గదికి రావచ్చును. ఇంట తాతముత్తాతల నాటి అందెలుగాని, గుమ్మెటగాని యున్న తలిదండ్రులు కొన్ని దినములకు వానిని మాకు ఎరువిచ్చినయెడల జాగ్రత్తగా వాడి తిరిగి పంపుదుము.